వాడే చోటుకు తగ్గ పరీక్ష: నెలసరి ఉత్పత్తుల్లో రసాయనాల నియంత్రణపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ అంశం వినడానికి ఇంతమంది మగవాళ్లు కూడా వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. చాలా సంతోషం.

కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే పదార్థంతో మొదలుపెడతాను. పేరు పొడుగ్గా ఉంది గానీ మన ఒంటికి అదేమీ కొత్తది కాదు. కళ్లు పొడిబారితే వేసుకునే చుక్కల మందులో ఉంటుంది. టూత్‌పేస్టులో ఉంటుంది. కొన్ని మాత్రల్లో ఉంటుంది. మొక్కల నుంచి తీసిన సెల్యులోజ్‌ను కొద్దిగా మార్చి తయారుచేస్తారు. విషపదార్థాల జాబితాల్లో వెతికితే దాని పేరు దొరకదు. కంట్లో వేసుకునేంత నమ్మకమైన పదార్థం అది.

1970లలో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ ‘రిలై’ అనే టాంపన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. టాంపన్ అంటే నెలసరి రక్తాన్ని పీల్చుకోవడానికి యోని లోపల పెట్టుకునేది. దాని లోపల పాలియెస్టర్ నురుగు ముక్కలు, వాటితోపాటు నేను చెప్పిన ఈ సెల్యులోజ్. రక్తాన్ని విపరీతంగా పీల్చుకునేది. ఒకటి పెట్టుకుంటే చాలాసేపు మార్చుకోనక్కర్లేదు. అదే దాని గొప్పగా ప్రచారం చేశారు.

1978లో జేమ్స్ టాడ్ అనే పిల్లల వైద్యుడు ఏడుగురు పిల్లల్లో చూసిన ఒక జబ్బును వర్ణిస్తూ దానికి టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, ఒంటి నిండా ఎర్రటి దద్దుర్లు, రక్తపోటు పడిపోవడం, కిడ్నీలూ కాలేయమూ దెబ్బతినడం. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా వదిలే విషం దీనికి కారణం. 1980 వచ్చేసరికి అదే జబ్బు ఆరోగ్యంగా ఉన్న యువతుల్లో కనపడసాగింది. అదీ నెలసరి రోజుల్లో. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆరా తీస్తే వాళ్లలో అత్యధికులు టాంపన్లు వాడినవాళ్లు, అందులోనూ రిలై వాడినవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. 1980 సెప్టెంబరులో కంపెనీ దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క ఏడాదిలో నెలసరితో ముడిపడిన కేసులు 800కు పైగా నమోదయ్యాయి. 38 మంది చనిపోయారు.

ఇక్కడ జరిగిందేమిటో జాగ్రత్తగా చూడండి. టాంపన్ లోంచి విషం కారలేదు. అతిగా పీల్చుకునే ఆ పదార్థం తనతోపాటు గాలిని లోపలికి తీసుకెళ్లింది, గంటల తరబడి అక్కడే ఉండిపోయింది. రక్తం, వెచ్చదనం, మామూలుగా అక్కడ ఉండని ఆక్సిజన్, ఈ మూడూ కలిసేసరికి ఆ బాక్టీరియా తన విషాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ విషానికి విరుగుడుగా పనిచేసే యాంటీబాడీలు శరీరంలో లేని అమ్మాయిలు కుప్పకూలిపోయారు. కంటికి మంచిదైన పదార్థం యోనిలో, నెలసరి రక్తం మధ్య, ఎనిమిది గంటలపాటు ఉంటే ఏమవుతుందని ఎవరూ ముందుగా పరీక్షించి చూడలేదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఒక పదార్థం సురక్షితమా కాదా అని విడిగా అడిగితే జవాబు రాదు. ఏ చోట, ఎంతసేపు, ఎన్నేళ్లపాటు, ఎవరి ఒంటికి తగిలితే సురక్షితం అని అడగాలి. నెలసరి ఉత్పత్తుల మీద ఇప్పటిదాకా వచ్చిన నియమాల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.

రిలై కథలో చట్టం ఏం చేసిందో కూడా చెప్పాలి. 1976లో అమెరికా వైద్య పరికరాల చట్టాన్ని సవరించి టాంపన్లను వైద్య పరికరాలుగా లెక్కలోకి తెచ్చింది. మంచి పనే. అయితే అప్పటికే అమ్మకంలో ఉన్న పరికరాలను కొత్త పరీక్షల అవసరం లేకుండా కొనసాగనిచ్చారు. పాతవి కదా, జనం వాడుతూనే ఉన్నారు కదా అన్న ధీమా. ఆ తర్వాత కూడా, ఏ టాంపన్ ఎంత పీల్చుకుంటుందో పెట్టె మీద ఒకే కొలతలో రాయండి అని కంపెనీలను ఒప్పించడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఒక కంపెనీ ‘సూపర్’ అన్నది ఇంకో కంపెనీ ‘రెగ్యులర్’ కంటే తక్కువ పీల్చేది! తన అవసరానికి సరిపోయేవాటిలో అన్నిటికన్నా తక్కువ పీల్చేది ఎంచుకోమని డాక్టరు చెబితే ఆ అమ్మాయి దేన్ని చూసి ఎంచుకోవాలి? బోస్టన్‌లోని మహిళల ఆరోగ్య బృందానికి చెందిన ఎస్తర్ రోమ్ లాంటివాళ్లు కమిటీల్లో కూర్చుని, ఏళ్ల తరబడి వాదించి, ఈ ఒక్క మార్పు సాధించారు. 1989లో నియమం ఖరారైంది, 1990లో అమల్లోకి వచ్చింది. 6 గ్రాముల లోపు ఉంటే ఇప్పటి పేరు ‘లైట్’, 6 నుంచి 9 దాకా ‘రెగ్యులర్’, 9 నుంచి 12 దాకా ‘సూపర్’, అలా. ఈ రోజు ఆ పెట్టె మీద కనిపించే చిన్న అంకెల వెనక అంతటి పోరాటం ఉంది. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు వాళ్లమీద గౌరవం కలుగుతుంది.

ఆ గ్రాములను కొలిచింది దేనితో అనుకుంటున్నారు? ఉప్పునీటితో. నెలసరి స్రావంలో రక్తకణాలుంటాయి, గర్భాశయపు పొర ముక్కలుంటాయి, జిగురు ఉంటుంది. అది నీళ్లలా పారదు. మార్కెట్లో దొరికే ప్యాడ్లూ టాంపన్లూ, యోనిలో పెట్టుకుని రక్తాన్ని పట్టే కప్పులూ అసలు రక్తాన్ని ఎంత పట్టుకుంటాయో మనిషి రక్తకణాలతో పోల్చి చూసిన తొలి అధ్యయనం 2023లో అచ్చయింది. అమెరికాలోని ఒరెగాన్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వాళ్లు చేశారు. పెట్టె మీద రాసినదానికీ నిజంగా పట్టుకున్నదానికీ చాలా ఉత్పత్తుల్లో పొంతన లేదు. దశాబ్దాలుగా కోట్ల మంది వాడుతున్న వస్తువును, అది పట్టుకోవాల్సిన ద్రవంతో పోల్చి చూడడానికి 2023 దాకా ఆగాం. అంత మామూలు పరీక్షే జరగనప్పుడు రసాయనాల పరీక్షల సంగతి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇప్పుడు మామూలు శానిటరీ ప్యాడ్ ఒకటి విప్పి చూద్దాం. ఒంటికి తగిలే పైపొర చాలావరకు పాలీప్రొపిలీన్ లేదా పాలీఇథిలీన్, అంటే ప్లాస్టిక్ దారాలతో నేయకుండా చేసిన బట్ట. మధ్యలో చెక్క గుజ్జు. అందులో సోడియం పాలీఅక్రిలేట్ రేణువులు. ద్రవం తగలగానే ఇవి ఉబ్బి జెల్ అయిపోతాయి. అడుగున కారకుండా ఇంకో ప్లాస్టిక్ పొర. ఈ పొరలన్నిటినీ కలిపి పట్టుకునే వేడి జిగురు, లోదుస్తుకు అంటుకునే జిగురు ఇంకోటి. వీటికి తోడు తెలుపు తేలడానికి చేసే బ్లీచింగ్, కొన్నింట్లో రంగు సిరా, లోషన్, సువాసన.

చెక్క గుజ్జును పూర్వం క్లోరిన్ వాయువుతో తెల్లబరిచేవాళ్లు. అందులోంచి డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుట్టేవి. ఇప్పుడు పెద్ద కంపెనీలు ఎక్కువగా ఆ పద్ధతి వదిలేశాయి, అందువల్ల డయాక్సిన్ల జాడలు బాగా తగ్గాయి. ఇది నిజమైన మెరుగుదల, దాన్ని ఒప్పుకోవాలి. జిగురులోంచీ సువాసనలోంచీ ఆవిరయ్యే కర్బన సమ్మేళనాలు వస్తాయి. వీటిని క్లుప్తంగా వీఓసీలు అంటారు. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికీ సువాసన ఎక్కువసేపు నిలవడానికీ వాడే థాలేట్లు ఉంటాయి. వీటిలో కొన్ని హార్మోన్ల పనిలో జోక్యం చేసుకుంటాయి. ఇక తడి బయటికి రాకుండా ప్యాడ్ బదులు రక్తాన్ని తామే పీల్చుకునే కొన్ని పీరియడ్ లోదుస్తుల్లో, కొన్ని ప్యాడ్ల పొరల్లో పీఫాస్ అనే ఫ్లోరిన్ సమ్మేళనాల జాడలు దొరికాయి. పీఫాస్ ఒకటి కాదు, వేల రసాయనాల కుటుంబం. ప్రకృతిలో దాదాపు విరగవు, వాటిలో కొన్ని శరీరంలో ఏళ్లపాటు ఉండిపోతాయి.

ఇవి తగిలే చోటు ఎలాంటిది? ముంజేతి మీద చర్మానికి పైన కెరటిన్ అనే గట్టి పొర ఉంటుంది. యోని లోపలి పొరకు అలాంటి కవచం లేదు. దాని కింద రక్తనాళాల వల దట్టంగా ఉంటుంది. అక్కడి నుంచి రక్తంలో కలిసింది ముందుగా కాలేయానికి వెళ్లదు, నేరుగా శరీరమంతా తిరుగుతుంది. డాక్టర్లకు ఇది బాగా తెలుసు. తెలుసు కాబట్టే కొన్ని హార్మోన్ మందులను ఆ దారిలో ఇస్తారు. మందు లోపలికి పోతుందని నమ్మి వైద్యం చేస్తున్నాం. అదే దారిలో మందు కానిది కూడా పోతుందని ఒప్పుకోవడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది. ప్యాడ్ తగిలే బయటి చర్మం కూడా ముంజేతి కంటే ఎక్కువ పీల్చుకుంటుంది. తడిగా, వెచ్చగా, ఒరుసుకుపోయి ఉంటే ఇంకా ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేద్దాం. పన్నెండేళ్లకు మొదలై యాభై దాకా అనుకోండి. 38 ఏళ్లు, ఏడాదికి 12 నెలలు, నెలకు 5 రోజులు. మొత్తం 2,280 రోజులు. రోజుకు నాలుగు ప్యాడ్లు మారిస్తే 9,120. గర్భంతో ఉన్న కాలం తీసేసినా ఎనిమిది వేల పైచిలుకు. ప్రపంచంలో ప్రతి నెలా దాదాపు 180 కోట్ల మందికి నెలసరి వస్తుందని యూనిసెఫ్ అంటోంది. ఒక్క ప్యాడ్‌లో ఉన్నది అణుమాత్రమే అన్న మాట విన్నప్పుడు ఈ సంఖ్యలు కూడా పక్కన పెట్టుకుని వినాలి.

2017లో దక్షిణ కొరియాలో ఏం జరిగిందో చెప్తాను. అక్కడి మహిళా పర్యావరణ సంఘం ఒక విశ్వవిద్యాలయ పరిశోధకుడి చేత పదిరకాల ప్యాడ్లను పరీక్షింపజేసింది. వీఓసీలు బయటపడ్డాయి. ఆ తర్వాత ఒక బ్రాండు వాడాక నెలసరి తగ్గిపోయిందని, క్రమం తప్పిందని వేలాదిమంది చెప్పుకొచ్చారు. ప్రభుత్వ శాఖ రంగంలోకి దిగింది. 666 ఉత్పత్తుల్లో 84 రకాల వీఓసీలను కొలిచి, ఆరోగ్యానికి హాని కలిగించేంత మోతాదులో లేవని ప్రకటించింది. మహిళలు ఊరుకోలేదు. మీరు కొలిచినవి మేం చెప్పిన బాధలకు కారణమా కాదా అనే పరీక్ష చేశారా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వం మళ్లీ అధ్యయనం చేయించింది. 2022లో బయటికొచ్చిన దాని ఫలితం ప్రకారం, ఆ రసాయనాలకూ నెలసరి సమయంలో చెప్పిన అసౌకర్యాలకూ సంబంధం ఉండే అవకాశం ఉంది. అదే కారణం అని తేల్చలేదు. ఈలోగా జరిగిన మంచి ఏమిటంటే, 2018 అక్టోబరు నుంచి ప్యాడ్లలో వాడిన పదార్థాలన్నీ పెట్టె మీద రాయడం కొరియాలో తప్పనిసరి అయింది.

ఫ్రాన్స్‌లోనూ దాదాపు ఇదే వరస. 2015లో ఒక విద్యార్థిని టాంపన్లలో ఏముందో చెప్పాలంటూ సంతకాల సేకరణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఒక వినియోగదారుల పత్రిక పరీక్షలు చేయించి డయాక్సిన్, పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని రాసింది. 2018లో అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ ఆన్సెస్ నివేదిక ఇచ్చింది. కొలిచిన రసాయనాలు ఆరోగ్య పరిమితులు దాటలేదంది. అయినా వీలైనంత వరకు వాటిని తొలగించాలని తయారీదారులకు సూచించింది. హార్మోన్లను తారుమారు చేసే గుణాన్నీ అలర్జీ కలిగించే గుణాన్నీ ఆ లెక్కలో చేర్చలేదని కూడా చెప్పింది. ఆ నివేదికలో నాకు నచ్చింది ఆ చివరి మాట. పరిమితి దాటలేదు అనేది ఒక వాక్యం. దేనిని లెక్కపెట్టలేదో చెప్పడం ఇంకో వాక్యం. మొదటిదే శీర్షికలకెక్కుతుంది, రెండోది చదివేవాళ్లు తక్కువ. 2023 చివర్లో ఫ్రాన్స్ కూడా పదార్థాల వివరాలు పెట్టె మీద ఇవ్వాలని ఉత్తర్వు తెచ్చింది.

మన దేశంలో టాక్సిక్స్ లింక్ అనే సంస్థ 2022లో పది ప్యాడ్లను పరీక్షిస్తే పదింటిలోనూ థాలేట్లు, వీఓసీలు దొరికాయి. వాటిలో ‘ఆర్గానిక్’ అని అమ్మేవి కూడా ఉన్నాయి. శానిటరీ ప్యాడ్లకు మన దేశ ప్రమాణం ఐఎస్ 5405ను 2019లో తిరగరాశారు. పీల్చుకునే శక్తి, పీహెచ్ అంటే ఆమ్ల క్షార గుణం, సూక్ష్మజీవుల సంఖ్య లాంటివి అందులో ఉన్నాయి. థాలేట్లు ఎంతకు మించకూడదు అన్న అంకె అందులో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆడుకునే బొమ్మల్లో థాలేట్లకు అమెరికా 2008లోనే చట్టంతో హద్దు గీసింది. పిల్లలు బొమ్మలను నోట్లో పెట్టుకుంటారు కాబట్టి. అదే తర్కం ఈ ఉత్పత్తులకూ వర్తించాలి కదా?

2024 జులైలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. 14 బ్రాండ్ల నుంచి 30 టాంపన్లు తీసుకుని 16 లోహాల కోసం చూశారు. పరీక్షించిన అన్నింట్లో సీసం కనపడింది. ఇందులో రెండు విషయాలు పట్టుకోవాలి. సీసాన్ని ఎవరూ కావాలని కలపలేదు. నేల నుంచి, నీటి నుంచి పత్తిలోకి వచ్చి ఉండవచ్చు, తయారీలో చేరి ఉండవచ్చు. రెండోది, ఆర్గానిక్ కాని వాటిలో సీసం ఎక్కువ, ఆర్గానిక్ వాటిలో ఆర్సెనిక్ ఎక్కువ. పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ చూసి మోసపోవద్దు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. టాంపన్ నుంచి శరీరంలోకి ఎంత లోహం చేరుతుందో మాత్రం ఆ అధ్యయనం కొలవలేదు. దాని రచయితలే ఆ మాట స్పష్టంగా రాశారు. వార్తలు రాసినవాళ్లలో కొందరు ఆ మాట వదిలేశారు.

ఇక్కడికి మళ్లీ నా మొదటి మాటకు వస్తాను, ఎందుకంటే గొడవంతా ఇక్కడే ఉంది. ప్యాడ్‌ను ముక్కలు చేసి, ఘాటైన ద్రావకంలో నానబెట్టి, వచ్చినదంతా కొలిస్తే ఒక అంకె వస్తుంది. కంపెనీ వాళ్లు ఇది ఎక్కువ చేసి చూపిస్తుంది అంటారు, అందులో నిజముంది. ఒంట్లో అలాంటి ద్రావకం ఉండదు. ప్యాడ్‌ను నీళ్లలో కాసేపు ముంచి కొలిస్తే ఇంకో అంకె వస్తుంది. ఇది తక్కువ చేసి చూపిస్తుంది. రక్తంలో కొవ్వులూ ప్రొటీన్లూ ఉంటాయి, నీటిలో కరగనివి వాటికి అంటుకుని బయటికొస్తాయి. శరీర ఉష్ణోగ్రతలో, నెలసరి స్రావాన్ని పోలిన ద్రవంలో, ఒత్తిడీ కదలికా ఇస్తూ, ఎనిమిది గంటలపాటు ఏమేం బయటికొచ్చిందో కొలవాలి. దాన్ని ఏళ్ల వాడకంతో గుణించాలి. పదకొండేళ్ల పిల్ల బరువుతోనూ లెక్కవేయాలి. కాన్పు తర్వాత కుట్లు మానని తల్లి వారాల తరబడి ప్యాడ్ వాడుతుంది, పచ్చిపుండు మీద. ఆమెను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అంకె ఎంత వస్తుందో నాకు ముందే తెలియాలని లేదు. తక్కువే రావచ్చు. వస్తే అందరికంటే ముందు నేనే సంతోషిస్తాను. కానీ ఆ పరీక్ష జరగకుండానే ‘సురక్షితం’ అని ముద్ర వేస్తే ఎలా?

ఈ పరీక్ష చేయాల్సింది ఎవరు? ఇప్పుడు జరుగుతున్నది చూడండి. స్వచ్ఛంద సంస్థలు చందాలు పోగుచేసి పదో ఇరవయ్యో ప్యాడ్లు కొని పరీక్షిస్తాయి. ఫలితం వస్తే కంపెనీలు పద్ధతి సరిగ్గా లేదంటాయి. ప్రభుత్వం హాని రుజువు కాలేదంటుంది. యూరప్‌లో చిన్నపిల్లల డైపర్ల విషయంలో ఇదే జరిగింది. వాటిలో ఫార్మాల్డిహైడ్, డయాక్సిన్లు, ఇంకొన్నిటికి పరిమితులు పెట్టమని ఫ్రాన్స్ ప్రతిపాదిస్తే, ముప్పు రుజువు కాలేదని 2021లో యూరప్ రసాయనాల సంస్థ కమిటీ అభిప్రాయం చెప్పింది. హాని ఉందని నిరూపించే భారం వాడేవాళ్ల మీద ఉన్నంతకాలం కథ ఇలాగే నడుస్తుంది. ప్రమాదం లేదని చూపించే బాధ్యత అమ్మేవాళ్ల మీద ఉండాలి. మందుల విషయంలో అదే చేస్తున్నాం, దాని గురించి ఎవరికీ అభ్యంతరం లేదు.

చట్టాలు కదలడం లేదని కాదు. అమెరికా ప్రతినిధుల సభలో క్యారలిన్ మలోనీ 1997 నుంచి పదేపదే ఒక బిల్లు ప్రవేశపెట్టారు. ఈ ఉత్పత్తుల్లోని డయాక్సిన్, కృత్రిమ దారాల లాంటి వాటి మీద ప్రభుత్వమే స్వతంత్రంగా పరిశోధన చేయించాలని. టాక్సిక్ షాక్‌తో చనిపోయిన రాబిన్ డేనియల్సన్ పేరు ఆ బిల్లుకు పెట్టారు. అది ఒక్కసారీ గట్టెక్కలేదు. రాష్ట్రాలు ముందుకెళ్లాయి. న్యూయార్క్ 2019లో, కాలిఫోర్నియా 2020లో పదార్థాల జాబితా తప్పనిసరి చేస్తూ చట్టాలు చేశాయి. 2024లో వెర్మాంట్ ఈ ఉత్పత్తుల్లో పీఫాస్‌తోపాటు ఇంకొన్ని రసాయనాలను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా, 2025 నుంచి కావాలని కలిపిన పీఫాస్ ఉండకూడదంది.

‘కావాలని కలిపిన’ అన్న ఆ షరతు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. సీసాన్ని ఎవరూ కావాలని కలపరు. డయాక్సిన్‌ను ఎవరూ కలపరు, అది బ్లీచింగ్‌లో పుడుతుంది. యంత్రాల పూతల నుంచి పీఫాస్ అంటుకోవచ్చు. అప్పుడు కంపెనీ ‘మేం కలపలేదు’ అంటే అది నిజమే, చట్టం కూడా ఊరుకుంటుంది. ఒంటికి మాత్రం కలిపినదీ అంటుకున్నదీ ఒకటే. కాబట్టి తయారైన వస్తువులో ఎంతుంది అనే దాని మీద హద్దు ఉండాలి. పీఫాస్ విషయంలో ఇంకో చిక్కుంది. వేల రసాయనాల్లో ప్రయోగశాల పేరుపేరునా గుర్తించగలిగేవి కొన్ని పదులే. ఒకదాన్ని నిషేధిస్తే దాని చెల్లెల్ని వాడతారు. అందుకే మొత్తం ఫ్లోరిన్ ఎంతుందో ముందు కొలిచే పద్ధతిని నేను సమర్థిస్తాను. చవక, వేగం. ఎక్కువ కనపడితే ఎందుకుందో చెప్పే పని కంపెనీది.

సువాసన గురించి ఒక్క మాట. చాలాచోట్ల పెట్టె మీద ‘ఫ్రాగ్రెన్స్’ అని రాస్తే సరిపోతుంది. దాని వెనక పదుల రసాయనాలు ఉండొచ్చు, వ్యాపార రహస్యం కింద దాక్కుంటాయి. నెలసరి రక్తానికి వాసన ఉండడం జబ్బు కాదు. సువాసన కలిపిన ప్యాడ్ అవసరం ఏ ఆడపిల్లకూ లేదు. దీన్ని పూర్తిగా ఆపేయమనే నా అభిప్రాయం.

(సభలోంచి ఒక విద్యార్థిని: మేడమ్, ఇవన్నీ విన్నాక ప్యాడ్ వాడాలంటేనే భయంగా ఉంది. మానేయాలా?)

వద్దమ్మా, మానేయొద్దు. ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో ‘ప్యాడ్ వాడితే ఫలానా జబ్బు వస్తుంది’ అన్న వాక్యం లేదు, గమనించు. అలాంటి రుజువు నా దగ్గర లేదు. నేను అడుగుతున్నది సరైన పరీక్ష, పూర్తి వివరం. సరిగ్గా ఉతకని, ఎండలో ఆరని బట్ట వాడితే ఇన్ఫెక్షన్ ముప్పు ఉంది, అది నీ ముందున్న నేరుగా కనపడే ముప్పు. కాబట్టి ఏది అందుబాటులో ఉంటే అది శుభ్రంగా వాడు. సువాసన లేనిది తీసుకో. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకో. టాంపన్ వాడితే ఎనిమిది గంటలు దాటనివ్వకు, అవసరానికి సరిపోయే అన్నిటికన్నా తక్కువ పీల్చేది ఎంచుకో. దురద, మంట, దద్దురు వస్తే బ్రాండు మార్చి చూడు, తగ్గకపోతే డాక్టరుకు చూపించు, ఏ బ్రాండు వాడావో కూడా చెప్పు. టాంపన్ గానీ కప్పు గానీ పెట్టుకున్నప్పుడు ఒక్కసారిగా జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం వస్తే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లు. అది అరుదు, కానీ ఆలస్యం పనికిరాదు.

(మరో ప్రశ్న: ఇన్ని పరీక్షలు పెడితే చిన్న తయారీదారులు, స్వయం సహాయక సంఘాలు మూతపడవా?)

చాలా ముఖ్యమైన ప్రశ్న. కఠినమైన నియమం పెద్ద కంపెనీకి ఒక చిన్న ఖర్చు, చిన్న సంఘానికి ఉరితాడు. అలా జరగకూడదు. దీనికి దారి ఉంది. ప్యాడ్ తయారుచేసేవాళ్లు వేలమంది ఉండొచ్చు గానీ, పీల్చుకునే రేణువులూ జిగురూ చెక్క గుజ్జూ పైపొర బట్టా తయారుచేసేవాళ్లు కొద్దిమందే. పరీక్ష అక్కడ, మూలంలోనే జరగాలి. పరీక్ష పాసైన ముడిసరుకు కొన్న సంఘం మళ్లీ ప్రతి రసాయనానికీ ఖర్చుపెట్టక్కర్లేదు. మార్కెట్లోంచి అక్కడక్కడా నమూనాలు తీసి ప్రభుత్వ ప్రయోగశాల ఉచితంగా చూడాలి. ఫలితాలు, బాగున్నవీ బాగోలేనివీ, పేర్లతో సహా అందరికీ కనపడేలా పెట్టాలి. ఇంకోటి, ప్రభుత్వాలు ఇప్పుడు పెద్ద కొనుగోలుదారులు. స్కాట్లండ్ 2021 చట్టంతో ఈ ఉత్పత్తులను అవసరమైన అందరికీ ఉచితంగా అందిస్తోంది. బడులకూ ఆసుపత్రులకూ చాలా దేశాలు కొంటున్నాయి. కొనే పత్రంలో ‘థాలేట్లు ఇంతకు మించకూడదు, సువాసన ఉండకూడదు, పదార్థాల జాబితా ఇవ్వాలి’ అని రాస్తే పార్లమెంటు చట్టం కోసం ఆగాల్సిన పని కూడా లేదు. రేపే రాయొచ్చు.

(మరో ప్రశ్న: మాలాంటి మామూలువాళ్లం దీన్లో చేయగలిగింది ఏమైనా ఉందా?)

ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ నెలసరి ఉత్పత్తుల కోసం ఒక సాంకేతిక కమిటీ ఏర్పాటు చేసింది. దాని సంఖ్య 338, స్వీడన్ ప్రమాణాల సంస్థ దాని పనులు చూస్తోంది. ఎన్నో దశాబ్దాలుగా వాడుతున్న వస్తువులకు అంతర్జాతీయ ప్రమాణం రాసే పని ఇప్పుడిప్పుడే జరుగుతోందన్నమాట. ఆ కమిటీలో దేశాల తరఫున కూర్చునేది ఆయా దేశాల ప్రమాణాల సంస్థలు. ముసాయిదాలు వాటి దగ్గరికి వస్తాయి, వాటి మీద అభిప్రాయాలు పంపొచ్చు. ఇక్కడ రసాయన శాస్త్రం చదివేవాళ్లున్నారు, నర్సులున్నారు, టైలరింగ్ సంఘం నుంచి వచ్చిన అక్కలున్నారు. పరీక్ష ఏ ద్రవంతో చేస్తారు, ఎన్ని గంటలు చేస్తారు, ఎవరి బరువుతో లెక్కవేస్తారు అనే మూడు ప్రశ్నలు రాసి పంపండి. భాష బాగుండక్కర్లేదు, పేరూ చిరునామా ఉంటే చాలు. ఎలా పంపాలో చూపించడానికి నేను ఇక్కడే బల్ల దగ్గర ఉంటాను. రాయాలనుకున్నవాళ్లు రండి, ఇప్పుడే కలిసి రాద్దాం.